సర్వర్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్: ముందు సన్నాహాలు, తరువాతి పరిశీలన

పరిచయం

సర్వర్ అంటే ఏమిటో, దానిపై ఆపరేటింగ్ సిస్టం, డేటాబేస్, అనువర్తనం ఒకదానిపై ఒకటి ఎలా అమరి ఉంటాయో గత పాఠంలో తెలుసుకున్నారు. ఈ మూడింటిలో దేనినైనా పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మార్చడాన్ని అప్‌గ్రేడ్ అంటాం. అదే వెర్షన్‌లో ఉంటూ చిన్న లోపాలను సరిచేసుకోవడం అప్‌డేట్. వాడుకలో రెండు మాటలనూ కలిపేస్తుంటారు గాని, పనిలో దిగినప్పుడు ఈ తేడాను మరచిపోకూడదు. అప్‌డేట్ చేస్తే డేటా నిల్వ ఉండే తీరు సాధారణంగా మారదు. అప్‌గ్రేడ్ చేస్తే మారవచ్చు.

మారితే ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసిన ఒక సంఘటనతో మొదలుపెడతాను.

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినార్ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఒక విద్యాసంస్థకు పదవీ విరమణ తరువాత నేను కొంతకాలం సలహాలిచ్చాను. దాని పేరు మనకు అవసరం లేదు. 2023 జూన్ మొదటి వారంలో ఒక అమ్మాయి టీసీ కోసం అక్కడి కౌంటర్‌కు వచ్చింది. గుమాస్తా ఆమె ప్రవేశ సంఖ్యను టైప్ చేసి, తెర వంక చూసి, "బేటా, నీ పేరు ఇందులో లేదమ్మా" అన్నాడు. "మూడేళ్ళు ఇక్కడే చదివాను సార్, ఫీజు రసీదులు కూడా ఉన్నాయి" అంటూ ఆమె కాగితాలు ముందు పెట్టింది. మరుసటి రోజు ఆమెకు వేరే చోట ధ్రువపత్రాల పరిశీలన ఉంది. గుమాస్తా మంచి మనిషి. ఆమెను వెనక్కి పంపలేక, రసీదులు చూసి అదే ప్రవేశ సంఖ్యతో కొత్త రికార్డు సృష్టించి టీసీ ఇచ్చాడు. ఒకే సంఖ్యతో రెండో రికార్డును కంప్యూటర్ ఒప్పుకోకూడదు. ఆ రోజు ఒప్పుకుంది.

అంతకు ముందటి శనివారం రాత్రి ఆ సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేశారు. పని విజయవంతంగా పూర్తయిందని తెర మీద వచ్చింది. మరి ఏం జరిగింది? జవాబు కొంచెం ఆగి చూద్దాం. ముందుగా, ఇంత ప్రమాదం ఉన్నప్పుడు అప్‌గ్రేడ్ ఎందుకు చేయాలన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది.

ఎందుకు చేయాలి?

ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఆయుర్దాయం ఉంటుంది. ఉదాహరణకు ఉబుంటు దీర్ఘకాల మద్దతు వెర్షన్లు రెండేళ్ళకొకసారి ఏప్రిల్‌లో వస్తాయి. ఒక్కోదానికి 5 సంవత్సరాలపాటు ఉచిత భద్రతా సవరణలు అందుతాయి. 18.04 వెర్షన్‌కు ఆ గడువు 2023 మేలోను, 20.04కు 2025 మేలోను ముగిసింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రధాన వెర్షన్లకు కూడా 5 సంవత్సరాలే. గడువు దాటిన సర్వర్ ఆ మరునాడే ఆగిపోదు. ఎప్పటిలాగే పనిచేస్తుంది, అందుకే నిర్లక్ష్యం చేస్తాం. కాని ఆ తరువాత బయటపడే ఏ లోపానికీ మందు రాదు.

మందు వచ్చినా వేసుకోకపోతే ఏమవుతుందో 2017 మేలో వాన్నాక్రై చూపింది. అది ఉపయోగించుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే సవరణ విడుదల చేసింది. దానిని వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతటా తాళం పడి కూర్చున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా వాటిలో ఉన్నాయి.

కాబట్టి చేయక తప్పదు. ఎప్పుడు, ఎలా అన్నదే ఆలోచించాలి.

సమయం ఎంచుకోవడం

సర్వర్ సేవలను ఆపి ఉంచే వ్యవధిని డౌన్‌టైం అంటారు. తెలంగాణలో భూమి రికార్డుల ధరణి పోర్టల్ డేటాబేస్ వెర్షన్‌ను అప్‌గ్రేడ్ చేయడానికి 2024 డిసెంబరు 12 సాయంత్రం నుంచి 16 ఉదయం వరకు సేవలు ఆపుతున్నట్లు ముందుగా ప్రకటించారు. క్యాలెండర్ తీసి చూడండి. 12 గురువారం. 14 రెండో శనివారం, 15 ఆదివారం. అంటే మూడున్నర రోజులకు పైగా వ్యవధి దొరికినా, పోయిన పూర్తి పనిదినం శుక్రవారం ఒక్కటే. డౌన్‌టైంను ఎంచుకోవడం అంటే ఇదే.

శనివారం రాత్రి చేయండి అని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అది ఎవరి శనివారమో చూసుకోవాలి. పాతబస్తీలో రంజాన్ చివరి పది రోజుల్లో పత్తర్‌గట్టీ, లాడ్ బజార్ దుకాణాలు తెల్లవారుజాము వరకు తెరిచే ఉంటాయి. అక్కడి ఒక బట్టల వ్యాపారి బిల్లింగ్ సర్వర్‌ను ఆ నెలలో శనివారం రాత్రి ఆపితే, ఏడాది మొత్తంలో అతనికి అత్యధిక రద్దీ ఉండే గంటల్లో ఆపినట్టు. కళాశాలకైతే పరీక్ష ఫీజు చివరి తేదీ, ఆసుపత్రికైతే సోమవారం ఉదయపు ఓపీ వేళ. మీరు పనిచేయబోయే సంస్థకు రద్దీ వేళలేవో సాంకేతిక విభాగాన్ని అడగకండి, కౌంటర్‌లో కూర్చునే మనిషిని అడగండి.

సేవ ఆగుతుందన్న నోటీసు వాడేవారికి చదవడానికి వచ్చే భాషలో ఉండాలి. పాతబస్తీలో అంటే తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ. ఎప్పుడు ఆగుతుందో మాత్రమే కాదు, ఎప్పుడు తిరిగి వస్తుందో, ఆలోగా అత్యవసరమైతే ఎవరిని కలవాలో కూడా రాయాలి. కౌంటర్ దగ్గర ఒక కాగితపు రిజిస్టరు సిద్ధంగా ఉంచడం నామోషీ కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయినప్పుడు, శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. విమానాలు ఆలస్యమైనా ఎగిరాయి.

బ్యాకప్

బ్యాకప్ తీసుకున్నారా అని అడిగితే ఎవరైనా తీసుకున్నామనే అంటారు. అడగవలసిన ప్రశ్న అది కాదు. దాని నుంచి చివరిసారి ఎప్పుడు తిరిగి నిలబెట్టి చూశారు? ఎక్కడ ఉంచారు?

రెండో ప్రశ్నకు పాతబస్తీకంటే మంచి పాఠం ఉండదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నది ఒడ్డునున్న ఇళ్ళను, వంతెనలను, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టింది. అదే నది ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనంలో 2009 ఆగస్టు 31న మంటలు చెలరేగి గ్రంథాలయంలోని పాత పుస్తకాలు కాలిపోయాయి. అసలు ప్రతి, నకలు ప్రతి ఒకే అల్మారాలో ఉంటే నిప్పుకు, నీటికి ఆ రెండూ ఒకటే. అందుకే డేటాకు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, అందులో ఒకటి వేరే చోట ఉండాలన్న నియమం వాడుకలోకి వచ్చింది. అప్‌గ్రేడ్‌కు ముందు తీసే బ్యాకప్‌ను అదే సర్వర్‌లోని మరో ఫోల్డర్‌లో పెట్టి ఊరుకోవడం మనవాళ్ళలో చాలా సామాన్యం. డిస్కు పోతే రెండూ పోతాయి.

మొదటి ప్రశ్నకు పాఠం గిట్‌ల్యాబ్ సంస్థది. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్ ఫైళ్ళనే తొలగించారు. బ్యాకప్ కోసం చూస్తే నిల్వ ఉండవలసిన చోట ఏమీ లేదు. కారణం మన పాఠానికి నేరుగా సంబంధించినది. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉంది, బ్యాకప్ తీసే పనిముట్టు మాత్రం 9.2 వెర్షన్‌ది నడుస్తోంది. తనకంటే కొత్త డేటాబేస్‌ను చదవడానికి ఆ పనిముట్టు నిరాకరించి ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళు గ్రహీతకు చేరలేదు. చివరికి ఎవరో వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా తిరిగి రాలేదు.

రిహార్సల్, ఆ అమ్మాయి రికార్డు

ఇక మనం ఆపిన చోటికి వద్దాం. మన విద్యాసంస్థవారు అజాగ్రత్తపరులు కారు. రిహార్సల్ కూడా చేశారు. అసలు డేటాబేస్ నుంచి పూర్తి ప్రతి తీసి, ఉబుంటు 20.04 ఉన్న వేరే కంప్యూటర్‌లోకి ఎక్కించి, పదుల సంఖ్యలో రికార్డులు వెతికి చూశారు. అన్నీ దొరికాయి. చూసి బాగుందన్నవారిలో నేనూ ఉన్నాను. అసలు రాత్రి మాత్రం కొత్త కంప్యూటర్ వాడలేదు. 18.04 ఉన్న పాత సర్వర్‌నే ఉన్నచోట ఉన్నట్టుగా 20.04కు మార్చారు. నయాపూల్ మీదుగా దారి బాగుందని చూసుకొని, చాదర్‌ఘాట్ మీదుగా బయలుదేరినట్టన్నమాట.

ఈ రెండు దారులకూ ఉన్న తేడా అర్థం కావాలంటే ఇండెక్స్ అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మీరు మొదటి పేజీ నుంచి చదవరు. మధ్యలో తెరిచి, కావలసిన మాట ముందుందా వెనకుందా చూసి, అటు సగం పక్కన పెడతారు. డేటాబేస్ ఇండెక్స్ కూడా అంతే. అయితే ఇది సాగాలంటే నిఘంటువు కూర్చినవారికీ వెతికేవారికీ అక్షరక్రమం ఒకటే అయి ఉండాలి. 'ఱ'ను తీసుకోండి. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో అది చిట్టచివరిది. యూనికోడ్ సంకేతాల వరుసలోనేమో 'ర' పక్కనే ఉంటుంది. ఒక క్రమంలో కూర్చిన నిఘంటువును ఇంకో క్రమం మనసులో పెట్టుకొని తిరగేస్తే ఆ మాట దొరకదు. మాట పుస్తకంలో ఉంది. మనం చూసిన చోట లేదు.

లినక్స్‌లో ఈ అక్షరక్రమాన్ని నిర్ణయించేది జీలిబ్‌సి అనే మౌలిక గ్రంథాలయం. పోస్ట్‌గ్రెస్ సాధారణంగా దానినే అడుగుతుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సి 2.28లో క్రమ నియమాలను పెద్ద ఎత్తున మార్చారు. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, 20.04లో ఉన్నది 2.31. అంటే మన సర్వర్ ఆ రాత్రి సరిగ్గా ఆ గీతను దాటింది. డెబియన్ 9 నుంచి 10కి, రెడ్ హ్యాట్ 7 నుంచి 8కి వెళ్ళినవారు కూడా ఇదే గీతను దాటారు.

మారిన నియమాల్లో మనకు తగిలినది అడ్డగీతకు సంబంధించినది. పాత నియమం ప్రకారం పోల్చేటప్పుడు మొదట అడ్డగీతను లెక్కలోకే తీసుకోరు. కొత్త నియమంలో అది అంకెలకంటే ముందు వచ్చే ఒక గుర్తు. ఆ సంస్థలో ప్రవేశ సంఖ్య అంటే కోర్సు సంఖ్య, అడ్డగీత, వరుస సంఖ్య. 1-15, 1-2, 11-2 అనే మూడు సంఖ్యలను మీరే అమర్చి చూడండి. పాత నియమంలో అడ్డగీత తీసేస్తే అవి 115, 12, 112. అక్షరాలుగా పోలుస్తాం కాబట్టి వరుస 11-2, 1-15, 1-2 అవుతుంది. కొత్త నియమంలో వరుస 1-15, 1-2, 11-2. ఇండెక్స్ పాత వరుసలో కూర్చి ఉంది. వెతికేది కొత్త నియమంతో. మధ్యలో ఉన్న 1-15 దగ్గర తెరిచి 11-2 కోసం వెతికితే, అది తరువాతే ఉండాలని కొత్త నియమం చెబుతుంది. నిజానికి అది ముందుంది. దొరకదు.

అన్ని రికార్డులూ మాయం కాలేదు. వెతుకులాట ఏ మలుపులో తప్పుదారి పట్టిందన్నదాన్ని బట్టి కొన్ని దొరికాయి, కొన్ని లేవు. అందుకే అప్‌గ్రేడ్ రాత్రి నాలుగైదు సంఖ్యలు వెతికి చూసినప్పుడు ఏ లోపమూ కనబడలేదు. ఒకే సంఖ్య రెండుసార్లు రాకుండా చూసే కాపలా కూడా అదే ఇండెక్స్ మీద ఆధారపడుతుంది కనుక, రెండో రికార్డును అది లోపలికి రానిచ్చింది.

రిహార్సల్‌లో ఇది ఎందుకు పట్టుబడలేదు? డేటాబేస్ నుంచి పూర్తి ప్రతి తీసినప్పుడు రికార్డులు, ఇండెక్స్ నిర్మాణానికి కావలసిన ఆదేశం మాత్రమే బయటికి వస్తాయి. ఇండెక్స్ రాదు. కొత్త యంత్రంలో ఎక్కించినప్పుడు కొత్త నియమంతో మళ్ళీ కూర్చుతుంది. కాబట్టి ఆ దారిలో ఈ సమస్య ఉండదు. ఉన్నచోటే మార్చినా, పీజీ-అప్‌గ్రేడ్ అనే పనిముట్టుతో డేటా ఫైళ్ళను యథాతథంగా కొత్త వెర్షన్‌కు అందించినా ఉంటుంది. రిహార్సల్‌ను అసలు రోజు వెళ్ళే దారిలోనే, అసలు డేటా అంతటితోనే చేయాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. చిన్న పట్టికలను పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్ జోలికి పోకుండా మొదటి నుంచి చివరిదాకా చదివేస్తుంది. ఇరవై రికార్డుల నమూనాతో పరీక్షిస్తే ఇండెక్స్ చెడిపోయినా జవాబు సరిగానే వస్తుంది.

హైదరాబాదులో ఈ లోపం ప్రవేశ సంఖ్యలతో ఆగదు. మన ఇంటి నంబర్లు చూడండి. వార్డు, బ్లాకు, ఇల్లు, మధ్యలో అడ్డగీతలు. పాతబస్తీలో పక్క సందులో పై నంబర్లకు మళ్ళీ ఒక చేర్పు. ఇంటి నంబరును బట్టి వెతికే ఏ డేటాబేస్ అయినా, అది నీటి బిల్లులది కానివ్వండి, రోగుల పట్టిక కానివ్వండి, ఈ గీతను దాటినప్పుడు ఇండెక్స్‌లను తిరిగి కూర్చవలసిందే.

దానికి రీఇండెక్స్ అనే ఆదేశం ఉంది. అప్‌గ్రేడ్ రాత్రే, సేవలు తెరవకముందే ఆ ఒక్క ఆదేశం ఇచ్చి ఉంటే పని కొన్ని నిమిషాల్లో అయిపోయేది. పన్నెండు రోజుల తరువాత అంత తేలిక కాలేదు. ఒకే సంఖ్యతో రెండేసి రికార్డులు చేరి ఉన్నాయి కనుక, నకళ్ళు ఉండగా ప్రత్యేక ఇండెక్స్ కూర్చలేనంటూ రీఇండెక్స్ ఆగిపోయింది. ఇండెక్స్ వాడకుండా పట్టికంతా చదివించి నకళ్ళను పట్టుకొని, ఫీజు ఏ రికార్డులో పడిందో, టీసీ ఏ రికార్డు మీద ఇచ్చారో రసీదులతో సరిపోల్చి, ఒక్కొక్కటిగా కలపవలసి వచ్చింది. ఆ పని గుమాస్తానే చేశాడు. ఎవరి రికార్డులు తాను కొత్తగా సృష్టించాడో వెనక అట్ట ఉన్న ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు కాబట్టి సాధ్యమైంది. ఆ అమ్మాయి పరిశీలనకు వెళ్ళింది, సీటూ వచ్చింది. ఆమె పేరు మాత్రం ఆ పుస్తకంలో మొదటిది.

2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ తాను ఏ అక్షరక్రమ వెర్షన్‌తో ఏర్పడిందో గుర్తుంచుకొని, తేడా వస్తే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక లాగ్‌లో వస్తే దాటవేయకండి. ఇండెక్స్ క్రమం సరిగా ఉందో లేదో పరీక్షించే ఏఎమ్‌చెక్ అనే అనుబంధం కూడా ఉంది.

ఆ రాత్రి

అప్‌గ్రేడ్ జరిగే సమయం గురించి కొద్ది మాటలే చెబుతాను, ఎందుకంటే సన్నాహం సరిగా ఉంటే ఆ రాత్రి చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. డిస్కులో ఖాళీ ఉందో లేదో, యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందే చూడండి. ఉబుంటులో డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ అనే ఆదేశం ఒక దీర్ఘకాల వెర్షన్ నుంచి దాని తరువాతి దానికే తీసుకువెళుతుంది. 20.04 నుంచి 24.04కు వెళ్ళాలంటే 22.04 మెట్టు ఎక్కాలి. బయటి సంస్థల సాఫ్ట్‌వేర్ మూలాలను అది నిలిపివేస్తుంది, తరువాత మీరే తిరిగి కలపాలి. మధ్యలో కొన్ని అమరిక ఫైళ్ళ గురించి మీది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతుంది. అర్ధరాత్రి ఆ ప్రశ్నకు ఊహించి జవాబు చెప్పకుండా, రిహార్సల్‌లో ఏం చెప్పారో కాగితం మీద రాసి పెట్టుకోండి.

వెనక్కి తిరిగే సమయాన్ని గడియారం చూసి ముందే నిర్ణయించాలి. ఉదయం 6కు సేవలు తెరవాలి, పాత స్థితికి తిరిగి రావడానికి 2 గంటలు పడుతుంది అనుకుంటే, 4 గంటలకు పని పూర్తికాకపోతే వెనక్కి తిరగాలి. 4 గంటలకు కూర్చుని ఇంకో అరగంటలో అయిపోతుందేమో అని చర్చించుకునే మనుషులకు నిద్ర ఉండదు, తీర్పూ ఉండదు. ఇంకొక సంగతి: కొత్త సర్వర్‌లో కొత్త రికార్డులు చేరడం మొదలైన తరువాత పాత బ్యాకప్‌కు తిరిగి వెళితే అవి పోతాయి. కనుక తలుపు తెరిచేముందే తనిఖీలన్నీ అయిపోవాలి.

తరువాత

సేవలు తెరిచాక చూడవలసినవి కొన్ని వెంటనే తెలుస్తాయి, కొన్ని ఆలస్యంగా. పోస్ట్‌గ్రెస్ 17 వరకు పీజీ-అప్‌గ్రేడ్ పట్టికల గణాంకాలను కొత్త వెర్షన్‌కు తీసుకువెళ్ళదు. అనలైజ్ ఆదేశం ఇవ్వకపోతే జవాబులు సరిగానే వస్తాయి గాని నత్తనడకన వస్తాయి. మొదటి ఉదయమే కౌంటర్‌లో క్యూ పెరిగితే ముందు దీన్ని చూడండి.

ఆ రాత్రి తీసిన మొదటి బ్యాకప్ నిజంగా తయారైందా, దాని పరిమాణం ఎంత, వేరే యంత్రంలో తెరుచుకుంటుందా అన్నది రెండో రోజే చూడాలి. గిట్‌ల్యాబ్ కథ అందుకే చెప్పాను. నెలకొకసారి నడిచే పనులు, జీతాల పట్టిక, ఉపకార వేతనాల జాబితా, నెలాఖరు నివేదిక వంటివి, ఒక నెల గడిచేదాకా పరీక్షకు రావు. కాబట్టి పాత సర్వర్‌ను గాని, దాని పూర్తి ప్రతిని గాని కనీసం ఒక నెలాఖరు దాటేవరకు చెరిపివేయకండి.

అన్నిటికంటే ముఖ్యం, మొదటి రెండు వారాలు కౌంటర్‌లోని వారు ఏది వింతగా కనిపించినా రాసి పెట్టడానికి ఒక పుస్తకం ఇవ్వండి. రోజూ సాయంత్రం దాన్ని తిరగేయండి. "రికార్డు దొరకలేదు, కొత్తది చేశాను" అన్న వాక్యం మొదటి రోజే నా కంటపడి ఉంటే నాకు ఆ పన్నెండు రోజులు మిగిలేవి.

అభ్యాసం: మీ ఊరిలోని మీసేవ కేంద్రం, గ్రంథాలయం లేదా మందుల దుకాణంలో ఒక దానిని ఎంచుకోండి. అక్కడ సర్వర్‌ను ఆరు గంటలు ఆపవలసి వస్తే ఏ రోజు, ఏ గంటలు ఎంచుకుంటారో, ఎవరిని అడిగి నిర్ణయించారో ఒక పేజీలో రాయండి. ఆ సంస్థ రికార్డులలో అడ్డగీత ఉన్న సంఖ్యలు ఏవైనా ఉన్నాయేమో కనుక్కొని, వాటిలో మూడింటిని పాత, కొత్త నియమాల ప్రకారం అమర్చి చూపండి.